రిపేర్ల రహిత జిల్లాలో ముసలి వ్యాను

కొత్తసింగవరం ఆసుపత్రి వ్యాను ఇంజను కొట్టుకుంటున్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క ప్రభుత్వానికి తప్ప.

అది బజార్లోకి వస్తోందంటే పుణుకులమ్మే ముసలమ్మ ముందుగా పళ్ళెం మీద చేట బోర్లించేది. వెనకాల కమ్ముకొచ్చే తెల్లపొగ చూసి పిల్లలు దోమల మందు బండి వచ్చిందనుకుని కేరింతలు కొట్టేవారు. నీళ్ళు పోస్తే పోసినన్ని తాగేది, తాగినవి ఎటు పోయాయో చెప్పేది కాదు. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగితే ఆయిలు పాలెక్కువైన టీలా తేలేది. ఇన్ని కనిపిస్తూంటే దానికి జబ్బు చేసిందని చెప్పడానికి పండితులు కావాలా? డ్రైవరు సన్యాసప్పడికి ఇంజను శాస్త్రంలో తెలిసిన విషయం ఒక్కటే, బానెట్టు తెరిస్తే చెయ్యి కాలుతుందని. ఆ పాటి మనిషికి కూడా తెలిసిపోయింది.

మామూలు రోజుల్లో అయితే "ఎప్పుడు బాగుపడితే అప్పుడు పడుతుందిలే" అని ఊరుకునేవాడే. కానీ కొండ మీద నేరేడుజోలలో సుమిత్రకి నెలలు నిండాయి. ఆ పిల్ల తొలి కానుపు సన్యాసప్పడు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పుడు కొండకి రోడ్డు లేదు. కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తూంటే, జోరువానలో, దారి మధ్యన బండరాయి మీద కనేసింది. తల్లీ పిల్లాడూ బతికి బట్టకట్టారంటే అది దేవుడి దయ. కొండ కింద వ్యాను ఎక్కించుకున్నప్పుడు ఆ పిల్ల వణుకుతూనే "ఇంకోపాలి డోలీ ఎక్కమంటే కొండమీంచి దూకీస్తాను గానీ ఎక్కను మావయ్యా" అంది. "ఈపాలి నువ్వు ముందు సీట్లో, నా పక్కన, దొరసానిలాగ కూకుని దిగుతావే, నాదీ పూచీ" అని సన్యాసప్పడు చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఇప్పుడు రోడ్డయితే పడింది గానీ, వ్యాను మొదటి మలుపుకే బుసలు కొడుతోంది. ఆ ఆసుపత్రికి ఇంకో బండి లేదు. వ్యాను ఎక్కలేదంటే మళ్ళీ డోలీయే.

అందుకని తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళి, "మా వ్యానుకి ఒంట్లో బాగోలేదు బాబయ్యా" అని విన్నవించుకున్నాడు.

అయ్యో, వెళ్ళక వెళ్ళక ఆ వారమే వెళ్ళాలా! సరిగ్గా అప్పుడే జిల్లాకి పూనకం పట్టింది. రాజధానిలో ఎవరో పెద్దాయన ఒక సభలో, "ఆరోగ్యవంతమైన వాహనానికి రిపేరు అక్కర్లేదు" అన్నాట్ట. మంచి మాటే, ఎవరు కాదన్నారు? మన జిల్లా వాహనారోగ్య ప్రత్యేకాధికారి మృత్యుంజయరావు గారు ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిరగేశారు. తిరగేయగా తిరగేయగా "రిపేరు చెయ్యని వాహనం ఆరోగ్యంగా ఉన్నట్టే" అని తేలింది. అంతే, దేశంలోకెల్లా మొదటి రిపేర్ల రహిత జిల్లా మనదే కావాలని గోడలన్నీ నీలం రంగుతో నింపేశారు. కొండ మీద నేరేడుజోల దగ్గర ఆ పేరుతో ఒక స్వాగత ద్వారం కూడా కట్టడం మొదలెట్టారు.

"లోపము గుర్తింపబడినచో మాత్రమే మరమ్మతు," అన్నారు మృత్యుంజయరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "లోపమును గుర్తించుటకు లోప గుర్తింపు సంఘము కలదు. ఆ సంఘము లక్ష్యము లోపములు లేకుండుట. అర్థమైనదా?"

"అయిపోనాది బాబూ," అన్నాడు సన్యాసప్పడు. అర్థమయ్యిందనలేదు, పని అయిపోయిందన్నాడు.

సంఘం వచ్చింది. రావడమంటే మామూలుగా కాదు, మెడలో బ్యాడ్జీలతో, టెంటుతో, మజ్జిగ ప్యాకెట్లతో వచ్చింది. సన్యాసప్పడు వ్యాను స్టార్టు చేశాడు. ఇంజను టకటకా కొట్టుకుంటే టెంటు గుంజ కదిలింది, మృత్యుంజయరావు గారి చేతిలో మజ్జిగ ఒలికి పంట్లాం మీద పడింది.

"శబ్దమును ఎవరైనా వింటిరా?" అని అరిచారాయన, అరవకపోతే ఎవరికీ వినబడదు కనక.

"మాకేమీ వినబడలేదండీ!" అని సంఘం అంతకన్నా గట్టిగా అరిచింది.

"పొగొస్తంది కదేటి బాబూ!"

"అది పొగమంచు."

"ఎండాకాలంలోనా?"

"ఈ సంవత్సరము ముందస్తుగా వచ్చినది. ప్రకృతి కూడా మన కార్యక్రమమునకు సహకరించుచున్నది."

ఇక మిగిలింది వేడి చూపించే ముల్లు. అది ఎర్రగీత దాటి ఇంకా పైకి పోవడానికి చోటు లేక వణుకుతోంది. దాన్ని కాదనడం మాత్రం ఎవరి తరం? మృత్యుంజయరావు గారు కాసేపు తలపట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది. జీపులోంచి రంగు డబ్బా తెప్పించి ఎర్రగీతని ఆకుపచ్చగా వేయించారు. ముల్లు ఆకుపచ్చలోకి వచ్చింది. సంఘం చప్పట్లు కొట్టింది. వ్యానుకి ఆరోగ్యవంతమైన వాహనమని అద్దం మీద ఒక నక్షత్రం అంటించి, మజ్జిగ ప్యాకెట్ల చెత్త అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

ఆసుపత్రి నర్సు మేరీరత్నం సిస్టర్ మెట్ల మీద నించుని ఇదంతా చూసింది. ఆవిడ ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మనిషి, కోపం వస్తే ఎమ్మెల్యేనైనా "ఒరే" అంటుంది. "నాడి సూడ్డానికొచ్చి గోళ్ళకి రంగేసి పోనారు," అని విసుక్కుని లోపలికి పోయింది.

సన్యాసప్పడు మెకానిక్కు డిల్లేసు దగ్గరికి పరిగెత్తాడు. తీరా చూస్తే షెడ్డు మీద "ఆరోగ్య వాహన సందర్శన కేంద్రం" అని బోర్డుంది. లోపల డిల్లేసు కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు చెయ్యి సూది కింద పెట్టుకుని తొక్కుతున్నాడు. రిపేర్ల రహిత జిల్లాలో మెకానిక్కులకి పనేముంటుందని దయతలచి అందరికీ టైలరింగు నేర్పిస్తున్నారట. డిల్లేసు మహా గర్విష్ఠి. ఏ ఇంజను విప్పినా తిరిగి బిగించేసరికి ఒకటో రెండో బోల్టులు మిగిలిపోతాయి, "కంపెనీ వోడు ఎక్కువ ఏసీసేడు" అనేవాడు తప్ప తను మర్చిపోయానని చస్తే ఒప్పుకునేవాడు కాదు. అలాంటివాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఈ మిషను కూడా ఆగిపోనాది అన్నా. బాగుచేసీడానికి నేదట. ఆగిపోనట్టు కూడా అనకూడదట. ఊరికినే తొక్కమన్నారు, తొక్కుతున్నాను."

అక్కడితో ఆగలేదు. తెల్లవారుజామున మెకానిక్కు షెడ్ల చుట్టూ, చెట్ల చాటున, చెరుకు తోటల్లో విజిలు దళాలు కాపలా పెట్టారు. ఎవరైనా బానెట్టు ఎత్తుతూ కనిపిస్తే చాలు, విజిళ్ళేసి, మెళ్ళో బంతిపూల దండేసి, సిగ్గుతో చచ్చేలా ఫొటో తీస్తున్నారు. కొత్తసింగవరం దళానికి నాయకుడు త్రినాథ్. ఉద్యోగం లేక ఇన్నాళ్ళూ అరుగుల మీద కూర్చున్న మనిషికి మెళ్ళో విజిలు పడేసరికి నిద్రపట్టడం మానేసింది.

సన్యాసప్పడు వ్యానుని ఊరి బయట తుప్పల వెనక ఆపి, రేడియేటర్లో పొయ్యడానికి చెంబుతో నీళ్ళు పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, కుయ్యిమని విజిలు. తుప్పల్లోంచి త్రినాథ్ లేచాడు.

"చెంబట్టుకుని ఏటి కథ?"

సన్యాసప్పడు నోటికొచ్చింది అనేశాడు. "ఏటుంటాది బాబూ, చెంబట్టుకుని తుప్పల్లోకి ఎందుకెల్తారు? అందుకే."

"ఓ, అదా!" అని త్రినాథ్ దండ వెనక్కి తీసుకున్నాడు. అంతలోనే అతని ముఖం మారిపోయింది. "ఉండుండు. అది కూడా మన జిల్లాలో నేదు కదేటి? ఎవులూ బయలుకెళ్ళని జిల్లా అని పోనేడాది బోర్డు కట్టినారు కదా!"

పాపం, దళం ఇరకాటంలో పడింది. ఇంజనులో నీళ్ళు పోస్తే ఒక బోర్డు అబద్ధం, తుప్పల్లో కూర్చుంటే ఇంకో బోర్డు అబద్ధం. ఏ నేరం చిన్నదో తేల్చలేక వాళ్ళలో వాళ్ళు చాలాసేపు వాదులాడుకున్నారు. ఈలోగా సూర్యుడు పొడుచుకొచ్చాడు. సన్యాసప్పడికి ప్రాణం లేచొచ్చింది. గబగబా తూర్పుకి తిరిగి, చెంబు నెత్తికెత్తి, "సూర్యనారాయణా, కాపాడు తండ్రీ" అంటూ నీళ్ళన్నీ ధారగా వదిలాడు. దళం మొత్తం విజిళ్ళు దించి చేతులు జోడించింది. వెనకాల వ్యాను దాహంతో సుయ్యిమని మూలిగింది గానీ, ఎవరికీ వినబడలేదు. వాళ్ళకి అలవాటైపోయింది.

అదిగో, అక్కడే సన్యాసప్పడికి బుర్ర వెలిగింది. భక్తికి విజిలు లేదు.

శుక్రవారం పొద్దున్న ఆసుపత్రి ముందు వ్యానుకి పూజ. తలంటు పోసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పట్టుపంచె, కండువా, అడ్డబొట్టుతో డిల్లేసు దిగాడు. చేతుల నలుపు ఏ సబ్బుకీ వదలక విభూతి దట్టంగా పులుముకున్నాడు. పూల కింద స్పానర్లు, తమలపాకుల కింద స్క్రూడ్రైవర్లు. హారతి పళ్ళెం పట్టుకోడానికి ఎవరూ లేకపోతే మేరీరత్నం సిస్టరే పట్టుకుంది.

"నువ్వు గుడికెల్తావు కదా, చర్చి గుడికి," అన్నాడు డిల్లేసు సందేహంగా.

"ప్రభువు ఏటీ అనుకోడు గానీ, ముందు పని కానీరా," అంది సిస్టర్. "కొండ మీద పిల్లకి కాళ్ళు వాచీసినాయి."

త్రినాథ్ తన దళంతో సహా వచ్చేశాడు. బానెట్టు లేవగానే అలవాటుగా విజిలు నోట్లో పెట్టుకున్నాడు. "గర్భగుడి తెరిసినప్పుడు ఊదుతావేట్రా, కళ్ళు పోతాయి!" అని సిస్టర్ గద్దించేసరికి ఠక్కున తీసేసి గంట అందుకున్నాడు. డిల్లేసు లోపలికి తలదూర్చి, "ఓం రేడియేటరాయ నమః, ఓం ఫ్యాను బెల్టాయ నమః, ఓం హెడ్డు గ్యాస్కెట్టాయ నమో నమః" అంటూ మొదలెట్టాడు. ఒక్కొక్క నమస్కారానికి ఒక్కొక్క బోల్టు. పాడైన గ్యాస్కెట్టుని అరిటాకులో చుట్టి నిమజ్జనానికి పంపించారు. కొత్తది పూలబుట్టలోంచి వచ్చింది. సుత్తి దెబ్బలు పడ్డప్పుడల్లా సన్యాసప్పడు కొబ్బరికాయ కొట్టాడు. అభిషేకం చివర కొత్త ఆయిలు పోసి, మంగళహారతి పాడారు.

అనుకున్నట్టే ఒక బోల్టు మిగిలింది. డిల్లేసు దాన్ని పువ్వుతో సహా త్రినాథ్ చేతిలో పెట్టి "ప్రసాదం" అన్నాడు. త్రినాథ్ కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

తాళం తిప్పితే వ్యాను చప్పుడే లేదు! ఉందో లేదో తెలియనంత మెత్తగా ఊపిరి తీస్తోంది. పొగ లేదు, బుస లేదు. సన్యాసప్పడు స్టీరింగు మీద తల ఆన్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏం సంతోషమో, ఏం సంతోషమో, చెప్పలేం.

ఇలాంటివి దాగుతాయా? ఆదివారానికి జిల్లాలో మూలిగే బండ్లన్నీ పూజకొచ్చి వరసకట్టాయి. కాఫీ హోటలు వాడి ఆటోలు, కాలేజీ బస్సు, కల్లాల్లో చచ్చి పడున్న ట్రాక్టర్లు, ఆఖరికి అగ్నిమాపక కేంద్రం వాళ్ళ లారీ. డిల్లేసు గొంతు బొంగురు పోయింది. మృత్యుంజయరావు గారికి కబురందింది. ఆయనకి విషయం తెలిసిందో, తెలిసీ తెలియనట్టున్నారో ఆ దేవుడికే ఎరుక. మహదానందంగా వచ్చి చూసి, వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. మంచి పని కనబడితే దానికి నిబంధనలు పెట్టకుండా ఉండలేని బలహీనత ఆయనది.

"వాహన పూజ మిక్కిలి శ్లాఘనీయము. అయితే ఇకపై వేదాధ్యయనము చేసినవారే చేయవలెను. ఒక పూజకు ఒక బూడిద గుమ్మడికాయ తప్పనిసరి. గర్భగుడిని సామాన్యులు చూడరాదు కావున, బానెట్టు మూసియుంచియే చేయవలెను."

డిల్లేసు మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి పోయాడు. మృత్యుంజయరావు గారు తమ హోదాకి తగ్గట్టు అసలు సిసలు వేదపండితుణ్ణి పిలిపించి, మూసిన బానెట్టు మీద తమ కారుకి శాస్త్రోక్తంగా పూజ చేయించుకున్నారు. ఆ కారు కూడా కొన్నాళ్ళుగా దగ్గుతోంది మరి.

స్వాగత ద్వారం ప్రారంభోత్సవం నాడే నేరేడుజోల నుంచి ఫోను. సుమిత్రకి నొప్పులు మొదలయ్యాయి. సన్యాసప్పడు, సిస్టర్ ఎగిరి వ్యాన్లో పడ్డారు. వ్యాను ఘాటు రోడ్డు మలుపు తర్వాత మలుపు ఎక్కుతూంటే సన్యాసప్పడు "ఎక్కు నా తల్లీ, ఎక్కు నా బంగారం" అని స్టీరింగుకి ముద్దులు పెట్టాడు. సుమిత్రని మొగుడు చేతుల మీద తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నొప్పుల్లో కూడా ఆ పిల్ల కిటికీ అద్దం దించి, ఊరంతా చూసేట్టు చెయ్యి బయట పెట్టుకుంది. అంత దర్జాగా దిగుతున్నారు, సగం కొండకి వచ్చారు, అక్కడ ఇరుకు మలుపులో రోడ్డుకి అడ్డంగా, ప్రారంభోత్సవానికని కొండెక్కుతూ ఆగిపోయిన మృత్యుంజయరావు గారి కారు.

కారు ముందు నుంచి పొగ, కింద నుంచి నీళ్ళు. పక్కన మృత్యుంజయరావు గారు, పంతులు గారు, త్రినాథ్ గొడుగేసుకుని నించున్నారు.

"బాబూ, కారు సెడిపోనాదా? కొంచెం పక్కకి తీయించండి, కానుపు కేసు!" అని సన్యాసప్పడు దండం పెట్టాడు.

"నా వాహనమునందు ఏ లోపమూ లేదు. అది మౌనదీక్షలో ఉన్నది."

"పోనీ పక్కకి తోసీమంటారా?"

"తోయుట అనగా నడవలేదని ఒప్పుకొనుట. ప్రారంభోత్సవము నాడు అది అసాధ్యము. పంతులు గారు మరల పూజ చేయుదురు."

పంతులు గారు తలగోక్కున్నారు. "గుమ్మడికాయ బయల్దేరేటప్పుడే కొట్టేశాం కదండీ. ఉత్తర్వు ప్రకారం ఒక పూజకి ఒకటి."

"అయితే కిందినుంచి గుమ్మడికాయ వచ్చువరకు వేచియుండవలెను."

"గుమ్మడికాయా!" సిస్టర్ గొంతు కొండలో మారుమోగింది. ఇంకేమనేదో గానీ, అంతకన్నా ముందు వ్యాను తలుపు తెరుచుకుంది. సుమిత్ర దిగింది. పొట్ట పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ మృత్యుంజయరావు గారి ముందుకొచ్చి నించుంది. అప్పుడే ఇంకో నొప్పి వచ్చినట్టుంది, ఆయన చొక్కా కాలరు గుప్పిట బిగించి పట్టుకుని అరిచింది. అరుపంటే అరుపా! లోయలో కొంగలు లేచాయి.

"నాను కంటన్నాను బాబో! ఇక్కడే కనీమంటావా? ఈ రోడ్డు మీద, నీ కాళ్ళ మీద కనీమంటావా? తొయ్యి! తొయ్యవా నేదా!"

మృత్యుంజయరావు గారు జీవితంలో ఎన్నో ఉత్తర్వులు ఇచ్చారు గానీ అలాంటిది అందుకోవడం అదే మొదలు. ఎలా వెళ్ళారో తెలియదు, కారు వెనక్కి వెళ్ళారు, భుజం ఆనించారు, కళ్ళు మూసుకుని తోశారు. సన్యాసప్పడు, సుమిత్ర మొగుడు, పంతులు గారు, త్రినాథ్ అందరూ తలో చెయ్యీ వేశారు. కారు కదిలి కొండ పక్కకి ఒరిగింది. అదే ఊపులో మృత్యుంజయరావు గారి నడుములో కటుక్కుమంది. ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

వదిలేసి పోదామని సన్యాసప్పడికి అనిపించింది, ఒట్టు. కానీ మనసొప్పక, ఆయన్నీ ఎత్తి వ్యాను వెనక సీటులో పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. త్రినాథ్ ఆయన తల పట్టుకున్నాడు. ముందు సీట్లో సుమిత్ర కూర్చుంది.

ఆసుపత్రికి చేరిన కాసేపటికే సుమిత్రకి ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది, నల్లటి జుట్టు. తల్లి కూడా బాగానే ఉంది. సిస్టర్ బయటికొచ్చి చెప్పగానే సన్యాసప్పడు సంతోషం పట్టలేక త్రినాథ్‌ని కావలించుకుని గిరగిరా తిప్పేశాడు.

తర్వాత సిస్టర్ వరండా బల్ల మీద వంగి కూర్చున్న మృత్యుంజయరావు గారి దగ్గరికొచ్చింది. "మీకేటండీ కష్టం?"

"నాయందు ఏ లోపమూ లేదు," అన్నారాయన, నేలకేసి చూస్తూ. ఇంకెటు చూడగలరు?

"మరి అలాగ వంగిపోనారేటి?"

"ఇది నా సహజ భంగిమ."

"అయితే ఇంటికెలిపోండి బాబూ. ఏదో ఒకటి బాగోనోళ్ళకే ఇక్కడ చోటు."

ఆయన లేవబోయారు, లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. చెమట బొట్లు ముక్కు చివరినుంచి నేల మీద పడుతున్నాయి. పక్కన త్రినాథ్ విజిలు పట్టుకుని బిక్కమొహం వేసుకు చూస్తున్నాడు. పెద్దాయన నోట లోపమన్న మాట వస్తే తను ఊదాలి, ఊదితే రేపటినుంచి తన గతేమిటో తెలియదు. గుమ్మం పక్కనే మంచం మీద, పిల్లని ఒళ్ళో వేసుకుని సుమిత్ర ఇదంతా విని విని, ఇక ఉండబట్టలేకపోయింది.

"ఓ బాబూ! నొప్పుంటే నొప్పని సెప్పాల. నాను సెప్పనేదా? కొండంతా ఇనబడీలాగ సెప్పినాను. సిగ్గేటుంది?"

మృత్యుంజయరావు గారు చాలా సన్నగా "అమ్మా" అన్నారు.

"ఇనబడనేదు," అంది సిస్టర్ నిర్దాక్షిణ్యంగా.

"ఓలమ్మో! నడుం ఇరిగిపోనాదే ఓలమ్మో! సచ్చిపోతన్నానే!" అని ఆసుపత్రి అదిరేలా గావుకేక పెట్టారు. ఆ ఉత్తర్వుల భాషంతా ఎటు పోయిందో, చిన్నప్పుడు అమ్మ దగ్గర ఏడ్చిన మాటలే వచ్చేశాయి. త్రినాథ్ విజిలు మెళ్ళోంచి తీసి కిటికీలోంచి అవతల పడేసి, ఆయన్ని ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు. రెండో పక్క సన్యాసప్పడు పట్టుకున్నాడు.

మన జిల్లాలో ప్రభుత్వం నోరారా ఒప్పుకున్న మొట్టమొదటి లోపం అదే. సిస్టర్ ఆయన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చేతులకి వేడి నూనె రాసుకుని నడుం పట్టడం మొదలెట్టింది.